స్విల్కన్ వంతెన ముందు రాతి పరుపు: గోల్ఫ్ కోర్సులో కట్టడం, దాని అంచు (కేస్ స్టడీ)

2023 ఫిబ్రవరిలో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో, 18వ హోల్ (ఆటలో చివరి అంచె) మీద స్విల్కన్ వంతెన ఎక్కేచోట గుండ్రంగా రాతి పరుపు వేశారు. ఫొటోలు బయటికి రాగానే గోల్ఫర్లు మండిపడ్డారు. పెరట్లో వేసుకునే గచ్చులా ఉందన్నది ఎక్కువమంది మాట. కోర్సును నడిపే సెయింట్ ఆండ్రూస్ లింక్స్ ట్రస్ట్ ముందు తన కారణాలు చెప్పుకుంది. ఆ వెంటనే, ఆ చోటికి నప్పే రూపం తీసుకురాలేకపోయామంటూ పరుపు తీసేసి మళ్లీ గడ్డి వేస్తున్నట్టు ప్రకటించింది. వంతెన రాయిని ఎవరూ ముట్టుకోలేదు. గొడవంతా వంతెన ముందున్న కాస్త నేల గురించే.

వివరంగా చూడాల్సిన కేసు ఇది. వంతెన గానీ గోడ గానీ లైట్‌హౌస్ గానీ, కోర్సు మీదున్న కట్టడాన్ని మన కన్ను ఒంటరిగా చూడదు. గడ్డి ఎక్కడ ఆగి రాయి ఎక్కడ మొదలవుతుందో ఆ గీతతో కలిపి చూస్తుంది. గీత చెడిందంటే కట్టడం చెక్కుచెదరకపోయినా దృశ్యం పాడవుతుంది. ట్రస్ట్ ఎదుర్కొన్న ఇబ్బంది నిజమైనదే: అక్కడ గడ్డి నిలవడం లేదు. దానికి మందు మాత్రం సరిగ్గా ఆ గీత మీదే పూశారు.

చోటు ఎలాంటిది

వంతెన పొడవు సుమారు 30 అడుగులు, వెడల్పు 8, కమాను ఎత్తు 6 అడుగులు. టీవీలో చూసి వచ్చినవాళ్లకి ఇంత చిన్నదా అనిపిస్తుంది. కనీసం 700 ఏళ్ల నాటిదని చెబుతారు, కాపరులు మందల్ని వాగు దాటించడానికి కట్టింది. 1వ హోల్, 18వ హోల్ ఒకే విశాలమైన ఫెయిర్‌వేని, అంటే పొట్టిగా కోసిన ఆట దారిని, పంచుకుంటాయి. స్విల్కన్ బర్న్ అనే చిన్న వాగు ఆ రెండింటికీ అడ్డంగా పారుతుంది. 18వ టీ (హోల్ మొదలయ్యే చోటు) మీద డ్రైవ్, అంటే మొదటి దూరపు దెబ్బ, కొట్టి బయల్దేరినవాళ్లకి వాగు దాటే దారి ఈ వంతెనే.

పక్కనుంచి ఫొటో తీస్తే వెనక ఆర్ అండ్ ఏ (రాయల్ అండ్ ఏన్షియంట్) గోల్ఫ్ క్లబ్బు క్లబ్‌హౌస్, దాని పక్కన ఎర్ర ఇసుకరాయితో కట్టిన హామిల్టన్ గ్రాండ్ కనిపిస్తాయి. క్లబ్‌హౌస్ 1854 నాటిది, హామిల్టన్ గ్రాండ్ 1895లో గ్రాండ్ హోటల్‌గా తెరిచింది. పేరుమోసిన ఆటగాళ్లు 1995లో ఆర్నాల్డ్ పామర్, 2005లో జాక్ నిక్లాస్, 2015లో టామ్ వాట్సన్ బ్రిటన్‌లో జరిగే ఓపెన్ ఛాంపియన్‌షిప్‌కి వీడ్కోలు చెబుతూ నిలబడింది ఈ వంతెన మీదే. అప్పట్నుంచి ఇక్కడికొచ్చే ప్రతివాళ్లకీ అదే భంగిమలో ఒక ఫొటో కావాలి. గడ్డి కష్టాలకి అసలు మూలం ఈ ఫొటోయే, అదెలాగో కింద చూద్దాం.

ఈ వంతెనకి చుట్టుపక్కల మనిషి చేసిన వస్తువులు ఇంకా చాలా ఉన్నాయి, అన్నీ ఆటలో ఏదో ఒక పని చేస్తున్నవే. 17వ హోల్ మీద డ్రైవ్ కొట్టాలంటే పాత రైల్వే షెడ్ల నమూనాలో కట్టిన షెడ్డు మూల మీదుగా కొట్టాలి, ఫెయిర్‌వే కనిపించదు. షెడ్డు గోడ మీద ఓల్డ్ కోర్స్ హోటల్ అని పెద్ద అక్షరాలు ఉంటాయి. గాలినీ తమ బలాన్నీ లెక్కేసుకుని ఏ అక్షరం మీదుగా కొట్టాలో ఆటగాళ్లు నిర్ణయించుకుంటారు. అంటే ఆ పేరు రాత కొలబద్దగా పనికొస్తోంది. అదే హోల్ గ్రీన్ (బంతి వేసే గుంట ఉన్న నున్నటి గడ్డి) వెనక తారు రోడ్డు, దాన్ని దాటితే రాతి గోడ. రోడ్డు మీద పడ్డ బంతిని అక్కడినుంచే ఆడాలి. 1984 ఓపెన్ చివరి రోజు వాట్సన్ రెండో షాట్ గ్రీన్ దాటి ఆ రోడ్డు మీదికి, గోడ దగ్గరికి పోయింది, ఆ ఏడు టైటిల్ సెవె బాయెస్తెరోస్‌కి దక్కింది. 2010లో మిగెల్ ఏంజెల్ హిమెనెజ్ బంతి గోడకి చేరువగా ఆగిపోతే, బంతిని గోడకేసి కొట్టి వెనక్కి గ్రీన్ మీదికి రప్పించాడు. 1వ, 18వ ఫెయిర్‌వేలకి అడ్డంగా గ్రానీ క్లార్క్స్ వైండ్ అనే దారి పోతుంది, జనం మామూలుగా దాని మీద వచ్చిపోతూ ఉంటారు. 18వ టీ మీద నిలబడ్డవాళ్లకి క్యాడీలు (ఆటగాళ్ల బ్యాగు మోసే సహాయకులు) చూపించే గురి క్లబ్‌హౌస్ గడియారం.

వీటిలో ఏదీ అందం కోసం కట్టింది కాదు. ప్రతిదానికీ ఒక పని ఉంది, ఆ పనే వాటిని కంటికి ఆనిస్తుంది. రాతి పరుపుకి కూడా పని లేకపోలేదు, అరుగుదలని ఆపడమే దాని పని. అయితే అది ఆడేవాడికి గురి చూపించదు, దారి చెప్పదు, హద్దు గియ్యదు. చూసేవాడికి దాని ఉనికికి కారణమే దొరకదు.

గడ్డి ఎందుకు నిలవదు

సముద్రతీరపు ఇసుకనేల మీదుండే లింక్స్ కోర్సుల్లో ప్రధానంగా ఉండేవి సన్నాకు ఫెస్క్యూ, బెంట్ గడ్డి జాతులు. ఎండకి, ఉప్పుగాలికి, ఎరువు తక్కువ నేలకి ఇవి బాగా ఓర్చుకుంటాయి. కాలి రాపిడికి మాత్రం ఫెస్క్యూ ఓర్చుకోదు. పైగా నేల వేడి 5, 6 డిగ్రీల సెల్సియస్‌కి దిగితే చల్లదేశపు గడ్డి ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. చలికాలంలో తొక్కిన గడ్డి తిరిగి వసంతం దాకా కోలుకోదు. ఆటగాళ్లు, చూడవచ్చేవాళ్లు ఆ నెలల్లో కూడా ఆగరు. ఓల్డ్ కోర్సు సాధారణంగా ఆదివారాలు ఆటకి మూసి ఉంటుంది, అప్పుడది ఊరివాళ్లు నడిచే మైదానం. కాబట్టి వంతెన దగ్గరి నేలకి వారంలో ఒక్క రోజు కూడా సెలవు దొరకదు.

నడకకీ, ఆగి తిరగడానికీ తేడా ఉంది. నడిచేవాడి అడుగు నేలని కిందికి నొక్కి వదిలేస్తుంది. ఇసుక నేల ఆ నొక్కుడుని చాలావరకు తట్టుకుంటుంది. ఫొటోకి ఆగినవాడు మడమ మీద తిరుగుతాడు, పక్కకి జరుగుతాడు, బ్యాగు దింపుతాడు, మళ్లీ ఎత్తుకుంటాడు. బూటు కింద గడ్డి మెలిపడి, ఆకుతో పాటు మొదలు కూడా తెగుతుంది. మొదలు తెగిన గడ్డి మళ్లీ చిగురించదు. వంతెన నోటి దగ్గర జరిగేది ప్రధానంగా ఈ రెండో రకం రాపిడి.

దానికి తోడు ఇరుకు. ఒక ఊహాలెక్క వేద్దాం. రోజుకి 160 మంది ఆటగాళ్లు, సగం మందికి క్యాడీలు అనుకుంటే 240 మంది దాటుతారు. వంతెనకి 10 మీటర్ల ఇవతల వీళ్లంతా 8 మీటర్ల వెడల్పున విడివిడిగా నడుస్తారనుకోండి. వంతెన నోటి దగ్గర నడవడానికి మిగిలేది 2 మీటర్లు. అంటే అదే జనం, నేల మీద పడే భారం నాలుగు రెట్లు. ఇందులో ఫొటో కోసం ఆగేవాళ్ల మెలికల అడుగులు కలపనే లేదు. వాళ్లని ఫొటో తీసేవాళ్లు వాగు గట్టు మీద మరో చోట నిలబడతారు, అక్కడ రెండో బోడి మచ్చ పడుతుంది.

బోడి పడ్డాక జరిగేది అందరికీ తెలిసిందే అయినా వరస చెప్పుకోవడం మంచిది. రాయి పక్కన గడ్డి పోతుంది. ఇసుక బయటపడి గాలికీ అడుగులకీ తరలిపోతుంది. రాయికీ నేలకీ మధ్య 30, 40 మిల్లీమీటర్ల మెట్టు పడుతుంది. వాన పడితే ఆ గుంటలో నీళ్లు నిలుస్తాయి. నీళ్లు తప్పించుకోవడానికి జనం పక్కనుంచి నడుస్తారు. మచ్చ విసనకర్రలా విచ్చుకుంటుంది. మెట్టు లోతయ్యేకొద్దీ వంతెన అంచు రాళ్ల కింద ఇసుక జారడం మొదలవుతుంది, అప్పుడది రూపం సంగతి దాటి కట్టడం భద్రత సంగతి అవుతుంది. ట్రస్ట్ ఏదో ఒకటి చెయ్యక తప్పని స్థితిలో ఉందంటే కారణం ఇదే.

చేసి చూసినవి

కొత్త గడ్డి వేస్తూ రావడం, హైబ్రిడ్ టర్ఫ్, కృత్రిమ గడ్డి కూడా ప్రయత్నించామనీ, ఫలితాలు ఒక్కోసారి ఒక్కోలా వచ్చాయనీ ట్రస్ట్ అప్పట్లో చెప్పింది. పోయిన కాలంలో అక్కడొక దారి ఉండేదని కూడా చెప్పింది. ఈ పద్ధతులు ఇలాంటి చోట ఎందుకు తడబడతాయో పనివాళ్ల దృష్టితో చూద్దాం.

గడ్డి పెళ్ళలు వెయ్యడం అన్నిటికన్నా సహజం. చిక్కల్లా వేళ్లు దిగడానికి పట్టే కాలంతోనే. పెళ్ళ కింద వేళ్లు పట్టుకోవాలంటే నేల వెచ్చగా ఉండాలి, కొన్ని వారాలపాటు ఎవరూ తొక్కకూడదు. చలికాలంలో వేసిన పెళ్ళ నేల మీద చాప పరిచినట్టే ఉంటుంది, మెలిపడే అడుగు దాన్ని జరిపేస్తుంది. మామూలుగా కోసే 15, 20 మిల్లీమీటర్ల పల్చటి పెళ్ళ ఇలాంటి చోట అస్సలు పనికిరాదు. 40 మిల్లీమీటర్లకి తగ్గకుండా మందంగా కోసింది వేస్తే సొంత బరువుకే నిలుస్తుంది, వెంటనే కొంత నడకని తట్టుకుంటుంది.

హైబ్రిడ్ టర్ఫ్ స్టేడియంల కోసం పుట్టిన పద్ధతి. ప్లాస్టిక్ పోగుల్ని సుమారు 180 మిల్లీమీటర్ల లోతుకి, 20 మిల్లీమీటర్ల ఎడంతో నేలలోకి కుడతారు, పైకి 20 మిల్లీమీటర్లు కనిపిస్తాయి. పోగులు ఇసుకని కదలకుండా పట్టి ఉంచుతాయి. గడ్డి మొదళ్లని మాత్రం కాపాడలేవు. రాపిడి ఆగకపోతే గడ్డి పోయి పోగులు మిగులుతాయి. పొద్దు వాలే వేళ పక్కనుంచి వచ్చే వెలుగులో వాటి మెరుపు దూరానికి కూడా తెలిసిపోతుంది. కృత్రిమ గడ్డితో ఇబ్బంది ఇంకా ముదురు. చుట్టూ ఫెస్క్యూ వేసవిలో పసుపు గోధుమ రంగుకి, చలికాలంలో మసక ఆకుపచ్చకి మారుతూ ఉంటుంది, కృత్రిమ ముక్క ఏడాది పొడవునా ఒకే రంగులో ఉంటుంది. రాపిడికి బాగా ఓర్చే రైగ్రాస్ విత్తినా అంతే, దాని వెడల్పాటి మెరిసే ఆకు ఫెస్క్యూ మధ్య మచ్చలా కనబడుతుంది.

ఇన్ని దారులు మూసుకుపోయాక రాయి గుర్తుకు రావడం సహజం. రాయి అరగదు, కొయ్యక్కర్లేదు, తడపక్కర్లేదు. వంతెనా రాయే, నేలా రాయైతే కలిసిపోతుందన్న ఆలోచన కాగితం మీద బాగానే ఉంటుంది.

రాయి ఎందుకు కుదరలేదు

మొదటిది ఆకారం. అరిగిన మచ్చ విసనకర్రలా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాన్ని పూర్తిగా కప్పాలంటే పరుపు కూడా గుండ్రంగానే వస్తుంది. అరుగుదల పటాన్ని యథాతథంగా రాతిలోకి దింపినట్టయింది. పనిపరంగా చూస్తే తప్పు లేదు. కళ్లకి మాత్రం, 8 అడుగుల వంతెన ముందు అంతకన్నా విశాలమైన గుండ్రటి వేదిక కనిపిస్తుంది. కట్టడం కన్నా దాని ముంగిలి పెద్దదైపోయింది.

రెండోది అంచు. పాత వంతెన రాళ్లు నేలలోంచి మొలిచినట్టు కనబడేవి, గడ్డి వాటి సందుల్లోకి పాకి ఉండేది. ఎక్కడ నేల అయిపోయి ఎక్కడ వంతెన మొదలైందో వేలు పెట్టి చూపించలేం. కొత్త పరుపు చుట్టూ కత్తితో కోసినట్టు గీత వచ్చింది. కాపరులు కట్టిన వంతెన దగ్గర గీత ఉంటే, అక్కడికెవరో కొత్తగా వచ్చి పని చేశారని కన్ను పసిగట్టేస్తుంది.

మూడోది వంతెన తీరు. లైట్‌హౌస్ ఆకాశం అంచు మీద నిలుస్తుంది కాబట్టి ఛాయారూపంతోనే తెలిసిపోతుంది, దాని కింద ఏమున్నా పెద్దగా లెక్క లేదు. స్విల్కన్ వంతెన ఆకాశరేఖకి కిందే ఉండే బూడిదరంగు వస్తువు. అది ప్రత్యేకంగా కనబడేది చుట్టూ ఉన్న విశాలమైన, ఒకే రీతి పచ్చిక వల్ల. ఆ పచ్చికే దాని చట్రం. పక్కన అదే రంగు రాయి ఇంకొంత పరిస్తే చట్రం తెగి, వంతెన ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా పోతుంది. పరుపు రాయి ఎంత మంచిదైనా, పనితనం ఎంత గొప్పదైనా ఈ మూడో అడ్డంకి దాటలేదు. నా దృష్టిలో నిర్ణయాత్మకమైంది ఇదే. రాయి రంగు మార్చడంతోనో పాచి పట్టేదాకా ఆగడంతోనో ఇది తీరేది కాదు.

లైట్‌హౌస్, గాలిమర, కాంక్రీట్ తొట్లు

ఛాయారూపంతో పని చేసే కట్టడాలకి హార్బర్ టౌన్ గోల్ఫ్ లింక్స్ సరైన ఉదాహరణ. దక్షిణ కరోలినాలోని హిల్టన్ హెడ్ ద్వీపంలో డిజైనర్ పీట్ డై, జాక్ నిక్లాస్‌తో కలిసి చేసిన ఈ కోర్సు 1969లో తెరిచింది. 18వ గ్రీన్ వెనక కనిపించే 90 అడుగుల ఎరుపు తెలుపు చారల లైట్‌హౌస్‌ని డెవలపర్ చార్ల్స్ ఫ్రేజర్ కట్టించాడు, 1970లో పూర్తయింది. పడవలకి దారి చూపడం కన్నా ఆ చోటికి ఒక గుర్తు ఇవ్వడమే దాని ఉద్దేశం. అలంకారంగా కట్టింది ఎందుకు నప్పింది? లెక్క వేస్తే తెలుస్తుంది. అన్నిటికన్నా వెనకున్న టీ నుంచి ఆ హోల్ పొడవు 472 గజాలు, అంటే సుమారు 430 మీటర్లు. అంత దూరానికి 27 మీటర్ల బురుజు కంటికి మూడున్నర డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది, గ్రీన్‌కి వెనగ్గా ఉంది కాబట్టి కాస్త తక్కువ వేసుకోవచ్చు. 7 అడుగుల జెండా కర్ర అదే దూరానికి 0.3 డిగ్రీలు కూడా రాదు. చుట్టూ చదునైన చిత్తడి, నీళ్లు, పోటీకి మరో నిటారు వస్తువు లేదు. టీ మీద నిలబడ్డవాడికి కంటికి ఆనని జెండా బదులు గురి దొరికింది. అలంకారానికి పని దొరికిందన్నమాట.

న్యూయార్క్ రాష్ట్రం లాంగ్ ఐలండ్‌లోని నేషనల్ గోల్ఫ్ లింక్స్ ఆఫ్ అమెరికాలో 16వ గ్రీన్ దగ్గరి గాలిమర నీళ్ల ట్యాంకుని కడుపులో దాచుకుంది. ట్యాంకు ఎలాగూ ఎత్తైన చోటే కావాలి, ఎత్తున పెట్టింది ఎలాగూ కంటపడుతుంది. దాన్ని దాచే ప్రయత్నం మాని చూడదగ్గ రూపంలోకి మార్చారు. పంపు షెడ్లు, మరుగుదొడ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్న ప్రతి కోర్సుకీ పనికొచ్చే ఆలోచన ఇది.

వాషింగ్టన్ రాష్ట్రంలోని చేంబర్స్ బే ఇసుక కంకర గని మీద వచ్చిన కోర్సు, 2007లో తెరిచింది. గనికాలపు కంకర వేరుచేసే భారీ కాంక్రీట్ తొట్లని కూల్చకుండా 18వ హోల్ దగ్గర వదిలేశారు. వాటికి రంగు పూయలేదు, తీగలు పాకించలేదు. చుట్టూ మట్టి ఎత్తుపల్లాలు వాటికి దీటైన కొలతలో ఉన్నాయి కాబట్టే సరిపోయాయి. అదే తొట్టి ఒక చిన్న చదును కోర్సులో ఉంటే తీసేయమనే చెబుతాను.

స్కాట్లాండ్‌లోని టర్న్‌బెర్రీలో లైట్‌హౌస్ 1873 నుంచి ఉంది, డేవిడ్, థామస్ స్టీవెన్‌సన్‌లు పాత కోట శిథిలాల దగ్గర కట్టింది. అయితే అక్కడి ఎయిల్సా కోర్సు 9వ హోల్ చాలాకాలం దాన్ని గురిగా వాడుకోలేదు. రాతి కొస మీది టీ నుంచి డ్రైవ్ కొట్టేవాళ్లకి గురి, ఫెయిర్‌వే మీద పేర్చిన రాళ్ల కుప్ప. 2016లో తెరిచిన, డిజైనర్ మార్టిన్ ఎబర్ట్ చేసిన పునర్నిర్మాణంలో 9వ హోల్‌ని సముద్రపు పాయ మీదుగా లైట్‌హౌస్ వైపు ఆడే పార్ 3గా, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్‌గా, మార్చారు. కట్టడాన్ని తాకలేదు, ఆటగాడు నిలబడే చోటునీ చూసే దిక్కునీ మార్చారు. చాలా సందర్భాల్లో ఖర్చుకి తగ్గ ఫలితం ఇచ్చేది ఇదే: కొత్తది కట్టేముందు ఉన్నదాని వైపు టీని తిప్పగలమా అని చూడటం.

అన్నిటికన్నా చవకైన గుర్తు ఐర్లాండ్‌లోని లహించ్‌లో ఉంది. డెల్ అనే పార్ 3లో గ్రీన్ ఇసుక దిబ్బల మధ్య దాక్కుని ఉంటుంది. దిబ్బ మీద ఒక తెల్ల రాయి పెడతారు, జెండా చోటు మారినప్పుడల్లా రాయిని కూడా జరుపుతారు.

పరచే ముందు చేసి చూడాల్సింది

స్విల్కన్ దగ్గరి పని మళ్లీ మొదటినుంచి చెయ్యాల్సి వస్తే, లేదా ఏ కోర్సులోనైనా పాత కట్టడం పక్కన చెయ్యి పెట్టాల్సి వస్తే, ఈ వరసలో పోవడం మేలు.

ముందు ఆ కట్టడం ఎక్కడెక్కడి నుంచి కనబడుతుందో తిరిగి రాసుకోవాలి. టీ, సాధారణంగా బంతి పడే చోటు, పక్క హోల్ ఫెయిర్‌వే, జనం ఫొటో తీసే గట్టు. ఒక్కో చోట నేలలో మేకు దిగ్గొట్టి, దాని మీద 1.6 మీటర్ల ఎత్తున, 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో సమానమైన చూపుతో ఫొటో తియ్యాలి. ఫోన్ వెడల్పు లెన్స్‌తో తీస్తే దగ్గరివి పెద్దగా, వెనకవి చిన్నగా వస్తాయి, ఆ ఫొటో చూసి తీసుకునే నిర్ణయం తప్పుతుంది. ఉదయం, మిట్టమధ్యాహ్నం, పొద్దు వాలే ముందు, మూడు వేళలా తియ్యాలి. వాలు వెలుగులో నేల మీది ప్రతి గీతకీ నీడ వస్తుంది.

తర్వాత నమూనా. నేల మీద వేసేదైతే అదే కొలతలో గోనెపట్టా కత్తిరించి, వెయ్యబోయే రాయి రంగు పూసి మేకులతో పరచాలి. ఎత్తుగా కట్టేదైతే వెదురు బొంగులు నాటాలి, ఇంకా ఎత్తైతే కొలత గుర్తులున్న తాడుకి హీలియం బెలూన్ కట్టి గాలి లేని పూట ఎగరెయ్యాలి. వారం పాటు అలా ఉంచి, మేకుల దగ్గర్నుంచి మళ్లీ అవే ఫొటోలు తియ్యాలి. ఇలాంటి పట్టా ఆ వంతెన ముందు కొన్నాళ్లు ఉండి ఉంటే, రాయి బండి ఎక్కకముందే జవాబు తెలిసేది. పట్టాని చూసి అభ్యంతరం చెప్పే అవకాశం సభ్యులకీ, ఊరివాళ్లకీ ఇవ్వడం కూడా ఇందులో భాగమే. వాళ్లు రోజూ చూసే దృశ్యం అది, వాళ్ల కన్ను మన డ్రాయింగుల కన్నా సున్నితంగా ఉంటుంది.

అడుగులు లెక్కపెట్టడం మూడోది. ఎందరు దాటారన్నది సరిపోదు. ఎందరు ఆగారు, ఎక్కడ ఆగారు, ఎంతసేపు ఉన్నారు అన్నది రాయాలి. ఆగే చోటు తెలిస్తే సగం పరిష్కారం దొరికినట్టే.

అన్నీ చూశాక గట్టి నేల తప్పదని తేలితే కొలతలు ఇలా ఉండాలి. వెడల్పు వంతెన నడక వెడల్పుని ఒక్క అంగుళం కూడా దాటకూడదు. రాళ్లు ఒకే సైజులో ఉండకూడదు, బయటి అంచు తిన్నగా గానీ గుండ్రంగా గానీ రాకూడదు. సందులు 30 నుంచి 50 మిల్లీమీటర్లు వదిలి, అక్కడి ఇసుకమట్టే నింపి అదే ఫెస్క్యూ విత్తాలి. కింద 100 నుంచి 150 మిల్లీమీటర్లు దట్టించిన కంకర, దాని మీద 30, 40 మిల్లీమీటర్ల ఇసుక. సిమెంటు వద్దు. సిమెంటు పలక నీటిని ఇంకనివ్వక పాత కట్టడం పునాది వైపు తోస్తుంది, రేపు తియ్యాలంటే పాత రాయిని కూడా పెళ్లగిస్తుంది. వాలు వంతెన నుంచి బయటికి, 60కి 1. రాయి పైతలం గడ్డి నేల కన్నా 5 నుంచి 10 మిల్లీమీటర్లు కిందికే ఉండాలి. అలా ఉంటే మోవర్ బ్లేడు తగలదు, పక్కనుంచి చూస్తే గడ్డి రాయిని కప్పేస్తుంది. అంతకన్నా లోతైతే నీరు నిలిచి జారుడు మొదలవుతుంది.

నిబంధనల సంగతి

కొత్త కట్టడం వచ్చిందంటే రిఫరీ పని కూడా మారుతుంది. ఈ లెక్క డిజైనర్లు తరచూ మర్చిపోతారు. గోల్ఫ్ 16.1 నిబంధన ప్రకారం కదపలేని అడ్డంకి మీద బంతి పడినా, అది నిలబడటానికో స్వింగుకో అడ్డొచ్చినా ఆటగాడికి ఉచిత ఉపశమనం ఉంటుంది: అడ్డు పూర్తిగా తప్పే దగ్గరి చోటు నుంచి ఒక క్లబ్ (గోల్ఫ్ కర్ర) పొడవు లోపల, హోల్‌కి దగ్గర కాకుండా బంతిని డ్రాప్ చెయ్యాలి, అంటే చేతినుంచి కిందికి వదలాలి. కేవలం చూపుకో బంతి దారికో అడ్డంగా ఉందంటే సాధారణంగా చాలదు. దాన్ని కోర్సులో అంతర్భాగంగా కమిటీ ప్రకటిస్తే ఉపశమనమే లేదు, 17వ హోల్ రోడ్డు సంగతి ఇదే. హద్దుగా ఉన్న గోడకీ ఉపశమనం లేదు. కాబట్టి వంతెన ముందు చదరపు మీటర్ల కొద్దీ రాయి పరిస్తే, ఉపశమనం ఇచ్చే నేల అంతా పెరిగినట్టే. అంతర్భాగం అని ప్రకటిస్తే రాతి మీదనుంచి కొట్టి క్లబ్బులు, మణికట్లు పాడుచేసుకునేవాళ్లు ఉంటారు. ఏ నిర్ణయమైనా పని మొదలుకాక ముందే స్థానిక నిబంధనల కాగితంలోకి ఎక్కాలి.

ఎత్తైన కట్టడాల విషయంలో ఇంకొకటి. కుడిచేతి ఆటగాళ్లలో ఎక్కువమంది తప్పు షాట్లు కుడికి వంగుతాయి. గాజు, గడియారం, దీపాలు ఉన్నదేదైనా టీ నుంచి చూస్తే ఎడమ పక్కనో గ్రీన్ వెనకనో పడేలా చూసుకోవాలి, కుడి పక్క తప్పదంటే ముందే దెబ్బకి ఓర్చే పదార్థం ఎంచుకోవాలి.

గడ్డితోనే ఆ చోటుని నిలబెట్టాలంటే

పరుపు తీసేశాక అరుగుదల ఎక్కడికీ పోదు. ఫిబ్రవరిలో వేసిన పెళ్ళకి వేళ్లు దిగేది వసంతంలోనే, ఆలోగా తాళ్లు కట్టి కాపాడాల్సిందే. దీర్ఘకాలానికి పనికొచ్చే ఏర్పాటు జనాన్ని వంతెన నోటికి దూరంగానే పరిచేయడం. నోటికి 10 నుంచి 15 మీటర్ల ముందే తక్కువ ఎత్తు కర్రలు, ఆకుపచ్చ తాడుతో దారిని రెండు మూడు పాయలుగా చీల్చి, రెండు మూడు రోజులకోసారి ఏ పాయ తెరవాలో మార్చాలి. కర్రలు 400 మిల్లీమీటర్లకి మించకపోతే టీ నుంచి పెద్దగా కంటికి ఆనవు. ఫొటోకి ఆగేవాళ్లని వంతెన నడిమికి పంపాలి, అక్కడ అరిగేది రాయి. ముందు నిలబడి గుంపుగా బ్యాగులు దించే అలవాటుని క్యాడీలు, మార్షల్స్ (కోర్సు మీద క్రమం చూసే సిబ్బంది) మాత్రమే మార్చగలరు. బ్యాగులు టీ దాటిన వెంటనే వాగుకి ఇవతల, నోటికి దూరంగా ఆపమని వాళ్లకి చెప్పాలి.

కోర్సులో ఎక్కడో ఒక మూల అదే ఇసుక మీద, అదే ఫెస్క్యూతో నర్సరీ మడి ఉండాలి. వంతెన రెండు వైపులా కలిపి 40 చదరపు మీటర్లు అరుగుతుందనుకుంటే, ఏటా రెండుసార్లు మార్చడానికి 80, కోసిన చోటు మళ్లీ ఎదగడానికి ఏడాది పడుతుంది కాబట్టి కనీసం 80 చదరపు మీటర్ల మడి కావాలి. ఆ మడిని ముద్దు చెయ్యకూడదు. ఎరువు, నీళ్లు తక్కువగా పెట్టి, ఫెయిర్‌వే ఎత్తులోనే కోస్తూ, అప్పుడప్పుడూ రోలరు నడిపిస్తూ పెంచితే, తెచ్చి వేసిన రోజే రంగు కలుస్తుంది. పెద్ద మార్పిడి సెప్టెంబరులో, నేల ఇంకా 10 డిగ్రీలకి పైన ఉండగా చెయ్యాలి. రెండోది ఏప్రిల్ చివర. పాత పెళ్ళ తీసినప్పుడల్లా కింద 100 మిల్లీమీటర్లు గుల్ల చేసి, తరలిపోయిన ఇసుక మళ్లీ నింపి, రాయికీ నేలకీ మధ్య మెట్టు లేకుండా చదును చెయ్యాలి. వారానికోసారి ఒక బద్దని రాయి అంచు మీద ఆనించి, దాని కింద సందుని కొలిచి రాసి పెట్టుకోవాలి. సందు 15 మిల్లీమీటర్లు దాటిందంటే ఆ పాయని మూసి ఇసుక పొయ్యాలి. 30 దాకా ఆగితే నీళ్లు నిలుస్తాయి, జనం పక్కకి నడుస్తారు, మచ్చ మళ్లీ విచ్చుకుంటుంది.